ఎనిమిదీ ఏడు ముహూర్తం: పైథాన్ జోన్‌ఇన్‌ఫో నాలుగేళ్ళు వాడాక

మా అత్తగారు కాకినాడలో ముందుగదిలో చాప మీద కూర్చుని డాలస్, ఫీనిక్స్, లండన్ పిల్లలకి సంగీతం చెబుతారు. శ్రుతిపెట్టె ఒక పక్క, ల్యాప్‌టాప్ ఒక పక్క. ఎవరికి ఏ రోజు ఎన్నింటికి క్లాసో వాళ్ళ వాళ్ళ ఊరి టైములో ముందురోజే మెసేజ్ వెళ్ళేలా ఒక చిన్న యాప్ రాసిపెట్టాను. హైదరాబాద్‌లో నా ఉద్యోగం కూడా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతోనే కాబట్టి ఇదీ అందులోనే రాశాను. పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే జాంగో, పక్కన ఒక డేటాబేస్, అంతే. ఫీజు లేదు, పొగడ్త కూడా అరుదు. తప్పు జరిగితే మాత్రం ఫోను వస్తుంది.

ఈ రివ్యూ ఆ యాప్ గురించి కాదు. అందులో ఊరూరి టైములు లెక్కగట్టే పైథాన్ భాగం, జోన్‌ఇన్‌ఫో గురించి. ఇది పైథాన్ 3.9తో, అంటే 2020 అక్టోబరులో వచ్చింది. పైథాన్ ఉంటే ఇదీ ఉన్నట్టే, విడిగా తెచ్చుకోనక్కర్లేదు. దీన్ని ప్రతిపాదించిన పత్రం పెప్ 615, రాసినాయన పాల్ గాన్స్‌ల్. ఆ పత్రం ఓపిగ్గా చదివితే ఈ రివ్యూలో సగం అక్కడే దొరుకుతుంది. నేను చదవలేదు. దెబ్బ తిన్నాక చదివాను.

దెబ్బ ఏమిటో చెబుతాను. 2021లో నేను వాడుతున్నది పైటీజెడ్, ఇదే పనికి విడిగా తెచ్చుకునే పాత ప్యాకేజీ. అప్పట్లో అందరం అదే వాడేవాళ్ళం, జాంగో కూడా దాని మీదే నడిచేది. ఆ ఏడు విజయదశమి అక్టోబరు 15, శుక్రవారం. డాలస్ నుంచి ఆరుగురు పిల్లల కొత్త బ్యాచ్. అత్తగారు పొద్దున్న 7 గంటలకి మొదటి పాఠం అన్నారు. మనకి 7 అంటే డాలస్‌లో ముందురోజు రాత్రి 8:30. నేను తేదీ, టైము రాసి, పక్కన ఏషియా/కోల్‌కతా జోన్ తగిలించి, అమెరికా/షికాగోకి (డాలస్‌దీ అదే జోన్) మార్చి మెసేజ్ పంపమన్నాను. డాలస్ వాళ్ళందరికీ మెసేజ్ వెళ్ళింది: క్లాసు రాత్రి 8:07కి.

ఒక్కరూ అడగలేదు! ఎనిమిదిన్నర కాకుండా ఎనిమిదీ ఏడు ఏమిటండీ అని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే విజయదశమి, విద్యారంభం, పెట్టింది పెద్దావిడ. అది ముహూర్తం అనుకున్నారు. దసరా సెలవలకి నేను కాకినాడలోనే ఉన్నాను. ఏడింటికి అత్తగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి జూమ్ తెరిచేసరికి ఆరు కిటికీల్లో ఆరుగురు పిల్లలు. పట్టు లంగాలు, వెనకాల దీపాలు, రెండు కిటికీల్లో అమ్మమ్మలు కూడా. అందరి మొహాల్లోనూ అదోలాంటి దిగులు.

"ఏం నాన్నా, ఇంత తొందరగా వచ్చేశారు?" అన్నారావిడ.

ఒక తండ్రి మొహమాటంగా, "మీరు పెట్టిన ముహూర్తం దాటిపోయిందండీ. ఇరవై మూడు నిమిషాలు అయింది" అన్నాడు.

అత్తగారు ల్యాప్‌టాప్ మీంచి తల తిప్పి నాకేసి చూశారు. ఆ చూపు గురించి రాయను.

తప్పు నాదే. పైటీజెడ్ డాక్యుమెంటేషన్ మొదట్లోనే ఉంది, డేట్‌టైమ్ (తేదీ, టైము కలిపి పైథాన్ దాచుకునే రూపం) తయారుచేసేటప్పుడు జోన్‌ని నేరుగా తగిలించకండి, లోకలైజ్ అనే ఫంక్షన్ ద్వారా తగిలించండి అని. నేరుగా తగిలిస్తే ఏమవుతుందంటే, ఆ జోన్ చరిత్రలో మొట్టమొదటి టైము ఏదుందో అది పట్టుకుంటుంది. కోల్‌కతాకి మొట్టమొదటిది ఆ ఊరి నెత్తిమీద సూర్యుణ్ణి బట్టి పెట్టుకున్న స్థానిక కాలం. గ్రీన్‌విచ్‌కి 5 గంటల 53 నిమిషాల 28 సెకన్లు ముందు. పైటీజెడ్ సెకన్లు వదిలేసి 5:53 చేస్తుంది. మన 5:30కీ దానికీ తేడా 23 నిమిషాలు. పంతొమ్మిదో శతాబ్దం నాటి కలకత్తా గడియారం వచ్చి 2021లో డాలస్ పిల్లల సరళీ స్వరాల్లో కూర్చుంది. ఆ రోజు ప్రోగ్రాం లాగ్ తీసి చూస్తే +05:53 అని తేటగా కనిపిస్తూనే ఉంది. పంపేముందు చూసినవాళ్ళు లేరు.

2022 మొదట్లో జాంగో 4కి మారినప్పుడు జోన్‌ఇన్‌ఫోకి వచ్చాను. జాంగో 4.0 తనే దీనికి మారింది, 5.0కి వచ్చేసరికి పైటీజెడ్‌కి మద్దతు పూర్తిగా తీసేసింది. మార్పంతా కలిపి నాకు ఒక శనివారం మధ్యాహ్నం పట్టింది. లోకలైజ్ అన్నచోటల్లా తీసేసి, నేను మొదట తప్పుగా రాసిన పద్ధతిలోనే రాశాను. తేదీ, టైము, పక్కన జోన్ నేరుగా. +05:30 వచ్చింది. ఏ చేతకానితనం వల్ల నేను దెబ్బతిన్నానో అదే ఇందులో సరైన పద్ధతి. ఈ ఒక్క కారణానికే దీనికి ఐదుకి మూడు నక్షత్రాలు ముందే ఇచ్చేస్తాను. మనిషికి సహజంగా తోచిన విధంగా రాస్తే సరైన జవాబు రావడం అనేది మా వృత్తిలో అంత మామూలు విషయం కాదు.

నాలుగో నక్షత్రం కథ వేరు. కొత్తది చేతికొచ్చింది కదా అని ఇంట్లో వాళ్ళ పుట్టిన తేదీలన్నీ పెట్టి చూస్తున్నాను. మా మావయ్యగారు 1944 ఫిబ్రవరిలో పుట్టారు. ఆ తేదీ పెట్టి యూటీసీకి, అంటే లోకమంతటికీ ఉమ్మడిగా లెక్కపెట్టే టైముకి, తేడా ఎంత అని అడిగితే 6:30 అంది. ఇదేం పిచ్చి, మళ్ళీ ఏదో తప్పు చేశాను అనుకుని టెన్షన్ పడ్డాను. తప్పు కాదు. యుద్ధం రోజుల్లో 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా మన దేశంలో గడియారాలు గంట ముందుకి జరిపి ఉంచారు. అత్తగారికి చెబితే ఆవిడ లేచి వెళ్ళి బీరువాలోంచి మావయ్యగారి జాతకం తెచ్చారు. పసుపు మరకల కాగితం, ఒక మూల సిద్ధాంతిగారి చేతిరాత: "యుద్ధకాలము, ఒక గంట తీసివేయవలెను." జోన్‌ఇన్‌ఫో, ఆ సిద్ధాంతిగారూ ఒకే మాట చెప్పారు.

నిజానికి ఆ గొప్ప జోన్‌ఇన్‌ఫోది కాదు, దాని కింద ఉన్న టైమ్ జోన్ డేటాబేస్‌ది. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టి, పాల్ ఎగర్ట్ నడుపుతూ వస్తున్న ఉచిత డేటాబేస్ అది. లోకంలో ఏ దేశం ఎప్పుడు గడియారం ముందుకి జరిపిందో, ఎప్పుడు వెనక్కి జరిపిందో అంతా అందులో ఉంటుంది. పైటీజెడ్ చదివేదీ అదే. మీ ఫోను చదివేదీ దాదాపు అదే. 2011లో దాని మీద ఒక కోర్టు కేసు పడింది, వేసింది ఎవరనుకున్నారు? జాతకాల సాఫ్ట్‌వేర్ అమ్మే అమెరికా కంపెనీ. పాత టైముల వివరాలు తమ పుస్తకంలోంచి తీసుకున్నారని వాళ్ళ వాదన. మరుసటి ఏడాదే కేసు వెనక్కి తీసుకున్నారు. ఈలోగా డేటాబేస్‌ని ఇంటర్నెట్ నంబర్లూ పేర్లూ చూసే ఐఏఎన్‌ఏ సంస్థ తన గొడుగు కిందికి తీసుకుంది. జాతకాలకీ కంప్యూటర్ టైముకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని మావయ్యగారి కాగితం చూసేదాకా నాకు తట్టలేదు. ఒక్క హెచ్చరిక. 1970కి ముందు లెక్కలకి గ్యారంటీ లేదని ఆ డేటాబేస్ నడిపేవాళ్ళే చెబుతారు. జాతకం వేసేముందు సిద్ధాంతిగారిని కూడా అడగండి.

జోన్‌ఇన్‌ఫో సొంత గొప్ప ఏమిటంటే అది సెకన్లు కొట్టేయదు. 1870 నుంచి, 1906 జనవరి 1న ఐఎస్‌టీ (మన దేశమంతటి టైము) వచ్చేదాకా మధ్యలో తేదీ ఏదైనా పెట్టండి, మద్రాసు టైము 5:21:10 అని పది సెకన్లతో సహా ఇస్తుంది. పైటీజెడ్ 5:21 దగ్గర ఆగుతుంది. ఎవరికి పనికొస్తుంది అంటే ఎవరికీ రాదు, నాకు మాత్రం ముచ్చటేసింది. ఐఎస్‌టీకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ అన్నవరానికీ తునికీ మధ్యనుంచి పోతుంది. విశాఖలో మెయిల్ రైలెక్కి కాకినాడ వైపు వస్తుంటే దాన్ని దాటే వస్తాం. ప్రతిసారీ కిటికీలోంచి చూస్తాను, మామిడితోటలు తప్ప ఏమీ కనబడదు.

ఇక ఫిర్యాదులు. ముందు చిన్నవి.

విండోస్‌లో ఇది ఉన్నపళంగా పనిచేయదు. జోన్‌ఇన్‌ఫో తన దగ్గర డేటా పెట్టుకోదు, ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఉన్నది చదువుతుంది. లినక్సులో, మ్యాక్‌లో ఆ డేటా ఉంటుంది. విండోస్‌లో ఆ రూపంలో ఉండదు. మా ఆడపడుచు కొడుకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, నా కోడ్ తన ల్యాప్‌టాప్‌లో నడిపితే అసలు ఏషియా/కోల్‌కతా అనే జోనే లేదని ఎర్రర్. "అత్తా, మన దేశమే లేదంటోంది" అని ఫోను చేశాడు. టీజెడ్‌డేటా అనే ప్యాకేజీ పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు తెచ్చిపెట్టేది) వేసుకుంటే సరిపోతుంది. బొత్తిగా కత్తిరించిన చిన్న లినక్సు కంటైనర్లలో కూడా ఇదే గొడవ రావచ్చు. నేను ఇప్పుడు ఏ ప్రాజెక్టులోనైనా కళ్ళు మూసుకుని అది చేర్చేస్తాను. పైగా దేశాలు నిర్ణయాలు మార్చుకుంటూ ఉంటాయి. 2023 మార్చిలో లెబనాన్ గడియారం జరపాల్సిన కొద్ది రోజుల ముందు వాయిదా అంది, గొడవయ్యాక ఆ వాయిదా వెనక్కి తీసుకుంది. అలాంటప్పుడు పైథాన్ కొత్తదైతే చాలదు, డేటా కూడా కొత్తదై ఉండాలి.

పేర్ల గొడవ ఒకటుంది. అమెరికా/డాలస్ అని జోన్ లేదు, షికాగో కిందకే వస్తుంది. తల్లిదండ్రుల్ని మీ టైమ్ జోన్ రాయండి అంటే సీఎస్‌టీ అని రాస్తారు. అది వాళ్ళ చలికాలం టైము పేరు, వేసవిలో వాళ్ళు ఉండేది గంట ముందుండే సీడీటీలో, పైగా చైనా వాళ్ళదీ సీఎస్‌టీయే. అందుకని రాయమనడం మానేసి ఊళ్ళ జాబితా ఇచ్చాను. అత్తగారి ల్యాప్‌టాప్‌లో క్రోమ్‌ని అడిగితే ఈ రోజుకీ ఏషియా/కల్‌కత్తా అంటుంది, డేటాబేస్‌లో 2008లోనే కోల్‌కతాగా మారినా. జోన్‌ఇన్‌ఫో పాత పేరు పెట్టినా పలుకుతుంది, అది దాని మంచితనం. ఆ రెండు పేర్లనీ అక్షరం అక్షరం పోల్చి వేర్వేరు ఊళ్ళు అనుకున్నది నా కోడ్. అత్తగారికి ఒకే క్లాసు రెండు లైన్లలో చూపించింది, "మీ టైము 7:00, మీ ఊరి టైము 7:00" అని.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. డాలస్‌లో మా పెద్దమ్మ కూతురు నర్సు. నైట్ డ్యూటీలు ఎక్కువ. తన గంటలు తనే లెక్క చూసుకుందామని నన్ను ఒక పేజీ రాసిపెట్టమంది. వచ్చిన టైము, వెళ్ళిన టైము, తీసివేత. ఇంతకన్నా సులువు ఏముంటుంది? 2025 నవంబరు 1 శనివారం రాత్రి 7కి ఎక్కి ఆదివారం పొద్దున్న 7కి దిగింది. పేజీ 12 గంటలంది. అక్క నిజంగా పనిచేసింది 13 గంటలు, ఎందుకంటే ఎండాకాలం కోసం ముందుకి జరిపి ఉంచిన గడియారాన్ని ఆ రాత్రే అమెరికాలో గంట వెనక్కి జరిపారు. ఒంటిగంటా రెండింటి మధ్య గంట రెండుసార్లు వచ్చింది. "చెల్లీ, ఆ రెండో ఒంటిగంటకి కూడా నేను మెలకువగానే ఉన్నానే" అంది.

రెండు టైములకీ ఒకే జోన్ ఉంటే పైథాన్ గోడగడియారం చూసి తీసివేస్తుంది. మధ్యలో గడియారం జరిపారా లేదా అని చూడదు. అదే ఒకటి షికాగో జోన్‌లో, రెండోది కోల్‌కతా జోన్‌లో ఉంటే యూటీసీకి వెళ్ళి సరిగ్గా తీసివేస్తుంది. అంటే అక్క దిగిన టైముని కాకినాడ టైములో రాసుంటే 13 వచ్చేది! ఇది జోన్‌ఇన్‌ఫో కన్నా పాతదైన డేట్‌టైమ్ పద్ధతి, దానికో తర్కం ఉందని నాకు తెలుసు. "రేపు ఇదే టైముకి" అనాలంటే గోడగడియారమే కావాలి. క్లాసుల విషయంలో నాకు కావలసిందీ అదే. కానీ కూడికకి అక్కరకొచ్చిన పద్ధతి తీసివేతలో నర్సు గంట మింగేస్తే, కనీసం ఒక హెచ్చరికైనా ఉండొద్దా? ఇప్పుడు తీసివేసేముందు రెండింటినీ యూటీసీకి మార్చే రెండు లైన్ల ఫంక్షన్ రాసుకుని ప్రతిచోటా దాన్నే పిలుస్తాను. మీరూ రాసుకోండి.

దీనికి తోబుట్టువు ఒకటుంది. లేని టైము. పిల్లల ఫోన్లు మోగకుండా పాఠాల రికార్డింగులు డాలస్ వాళ్ళకి ఆదివారం తెల్లవారుజామున 2:30కి పంపిస్తాను. 2025 మార్చి 9న ఆ ఊళ్ళో 2:30 లేదు. 1:59 తర్వాత 3:00. జోన్‌ఇన్‌ఫో కిక్కురుమనకుండా 2:30 తీసుకుంది, పాత తేడాతోనే లెక్కగట్టింది, రికార్డింగులు 3:30కి వెళ్ళాయి. ఎవరూ నష్టపోలేదు. ఇక్కడ మాత్రం పైటీజెడ్‌కి దండం పెట్టాలి. దాన్ని గట్టిగా అడిగితే ఆ టైము లేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది. జోన్‌ఇన్‌ఫోలో మనమే కనిపెట్టుకోవాలి. టైముని యూటీసీకి మార్చి, మళ్ళీ వెనక్కి తెచ్చి, మొదట రాసినదీ వచ్చినదీ ఒకటేనా అని చూడాలి. వేరైతే ఆ టైము లేదన్నమాట. రెండుసార్లు వచ్చే గంటకి మాత్రం ఫోల్డ్ అని ఒక ఏర్పాటుంది, 0 అంటే మొదటి ఒంటిగంటన్నర, 1 అంటే రెండోది. మొదట చదివినప్పుడు బుర్ర తిరిగింది, అక్క డ్యూటీ తర్వాత అర్థమైంది.

అత్తగారికి యూటీసీ అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది ఒకసారి. ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే ఆవిడే అందుకున్నారు. "తిథి లాంటిదేగా? ఏకాదశి వెళ్ళి ద్వాదశి వచ్చే క్షణం కాకినాడకైనా డాలస్‌కైనా ఒకటే. గడియారంలో అంకె వేరు." సూర్యచంద్రుల మధ్య దూరం పన్నెండేసి డిగ్రీలు పెరిగినప్పుడల్లా తిథి మారుతుంది, ఆ క్షణం ఊరిని బట్టి మారదు. పండగ ఏ రోజు చేసుకోవాలన్నది మాత్రం చాలావాటికి ఎవరి సూర్యోదయం వాళ్ళది. ఇరవై స్లైడ్లతో నేను ఆఫీసులో కొత్తవాళ్ళకి చెప్పేది ఆవిడ పప్పు తాలింపు వేస్తూ చెప్పేశారు.

అయితే క్లాసు తిథిలాంటిది కాదు, పండగలాంటిది. జరిగిపోయిన విషయాల్ని యూటీసీలో దాచుకోవచ్చు. జరగబోయే క్లాసుని అలా దాచకూడదు. నా డేటాబేస్‌లో ఇప్పుడు వారం, 07:00, ఏషియా/కోల్‌కతా అని విడివిడిగా ఉంటాయి. మెసేజ్ పంపే రోజున అప్పటి నియమం ప్రకారం డాలస్ టైము కడుతుంది. అంతవరకూ జోన్‌ఇన్‌ఫో చక్కగా చేస్తుంది. ఆ క్లాసు ఎవరి గడియారానికి కట్టుబడాలన్నది అది చెప్పదు. మనం గడియారం జరపం కదా, ఏటా నవంబరులో డాలస్ వాళ్ళకి 8:30 క్లాసు 7:30 అయిపోతుంది. అప్పటికి పిల్లలు అన్నాలు తిని ఉండరు, ఈతకి వెళ్ళినవాళ్ళు వచ్చి ఉండరు. మొదటి ఏడు నలుగురు తల్లులు కలిసి అత్తగారికి రాశారు, 8:30కే ఉంచండి, మీకు పొద్దున్న 8 అవుతుంది అంతే కదా అని. ఆవిడ జవాబు వాయిస్ మెసేజ్‌లో: "ఎనిమిదింటికి మా ఇంట్లో కుక్కర్ కూత శ్రుతి తప్పిస్తుందమ్మా. ఏడే." ఫైలు పైన కామెంటుగా ఆ వాక్యమే పెట్టుకున్నాను.

లండన్ వాళ్ళది శనివారం మన రాత్రి 8:30. వాళ్ళకి చలికాలం మధ్యాహ్నం 3, ఎండాకాలం 4. ఎప్పుడూ గొడవ లేదు. ఫీనిక్స్ అమ్మాయి ఒక్కతే ఏడాది పొడవునా సాయంత్రం 6:30కే వస్తుంది, ఎందుకంటే అరిజోనాలో చాలావరకూ గడియారం జరపరు. "ఆ ఊరివాళ్ళకి తాళజ్ఞానం ఉంది" అంటారు అత్తగారు.

నాలుగు నక్షత్రాలు. ఐదోది అక్క గంటకి కోసేశాను.

అత్తగారు నా మెసేజుల్ని ఇప్పటికీ పూర్తిగా నమ్మరు. హార్మోనియం మీద ఒక రూళ్ళ నోట్‌బుక్ ఉంటుంది. అందులో ప్రతి ఊరికీ రెండు గడులు, చలికాలం, ఎండాకాలం, నీలం సిరాతో. శనివారం పొద్దున్న కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో మెసేజుల్నీ నోట్‌బుక్‌నీ పక్కపక్కన పెట్టి వేలితో సరిచూస్తారు. ఆఫీసులో నేను రాసిన టెస్టులేవీ ఇంత శ్రద్ధగా నడవవు. తేడా ఉంటే పదింటిలోపు ఫోను వస్తుంది. మొన్న శనివారం వచ్చింది. వణుకుతూ ఎత్తాను. ఆవకాయ అయిపోయిందా, పంపించమంటావా అని.